మోత దిగేదాకా

అత్తగారి పెద్దకర్మ భోజనాల్లో యలమంద రెండో వరసకు పెరుగు వడ్డిస్తున్నాడు. చొక్కా జేబులో ఫోను మోగడం మొదలుపెట్టింది, ఆగింది, మళ్లీ మోగింది. ఒక చేతిలో బకెట్టు, ఇంకో చేతిలో గరిటె. "ఎవరో గట్టిగానే తలుచుకుంటున్నారయ్యా, తియ్యి," అన్నాడు విస్తరి ముందు కూర్చున్న ముసలాయన. యలమంద బకెట్టు కింద పెట్టి, చెయ్యి పంచెకు తుడుచుకుని తీశాడు. పొద్దుటి నుంచి అది ఏడో ఫోను. కర్మ జరుగుతున్నంతసేపూ ఫోను సంచిలోనే ఉండిపోయింది.

"ఎక్కడ చచ్చావురా?"

అవతల ఉన్నది వెంకటకృష్ణారావు. నూజివీడులో ఆయన పేరు మొత్తం పలికే ఓపిక ఎవరికీ లేదు, అందరికీ కృష్ణారావుగారే. చాట్రాయి దారిలో ముప్ఫై ఎకరాల మామిడితోట, ఊళ్లో మేడ, ఒక తెల్ల డీజిల్ కారు, ఆ కారుకు ఆరేళ్లుగా డ్రైవరు యలమంద.

"చాట్రాయిలోనే సార్. చెప్పాను గదండీ, మా అత్తగారి పెద్దకర్మ..."

"కర్మ నాదిరా. బండిని ఏం చేశావు?"

"ఏమైందండీ?"

"ఏమైందా? పొద్దున్నే తోటకెళ్దామని, నువ్వు పోర్టికోలో వదిలెళ్లిన బండికి నేనే సెల్ఫ్ కొట్టాను. పిండిమర ఆడించినట్టు ఒకటే మోత. లోపల టకటకా టకటకా సుత్తి పెట్టి కొట్టినట్టు. ఎదురింటివాళ్లు బయటికొచ్చి చూశారు. ఆరేళ్లలో ఆ చప్పుడు ఒక్కనాడు వినలేదు నేను. సరిగ్గా నువ్వు సెలవు పెట్టిన రోజే ఎందుకు అరిచింది?"

యలమందకు ముందు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. పొద్దున్నే ఇంజన్ అరవకుండా ఎలా ఉంటుంది? "అది కాసేపే సార్, రాత్రంతా ఆగిన బండి కదండీ, ఒక్క నిమిషం ఆగితే..."

"నాకు చెప్తున్నావా? నెల కిందట ఆయిల్ మార్పించుకొచ్చింది నువ్వే కదా? మూడింటికి నరసింహులు కొట్టు దగ్గరికి రా. నీ దగ్గరున్న తాళంచెవి కూడా తీసుకురా." ఫోను పెట్టేశాడు.

యలమంద బకెట్టు అందుకుని మిగిలిన వరస పూర్తి చేశాడు. చివరి విస్తరికి వచ్చేసరికి గరిటె గురి తప్పి పెరుగు అన్నం మీద పడాల్సింది అరటిపండు మీద పడింది. భార్య తిరపతమ్మ దూరం నుంచి చూసింది. దగ్గరికొచ్చి, "తిని వెళ్లు," అంది. అతను తినలేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక సంగతి మెల్లగా బోధపడింది, బోధపడ్డాక నవ్వొచ్చింది కూడా. కృష్ణారావు బండి ఉండేది మేడ వెనక, పెరటి చివర, రేకుల షెడ్డులో. యలమంద రోజూ తెల్లవారుజామున ఐదింటికే అక్కడికి వెళతాడు. సెల్ఫ్ కొడతాడు. మోత లేస్తుంది. ఆ మోతలోనే అద్దాలు తుడుస్తాడు, టైర్లు తట్టి చూస్తాడు, చక్రాల కింద కుక్కలు పడుకున్నాయేమో వంగి చూస్తాడు. నిమిషమో, నిమిషన్నరో అయ్యాక మీటరు ముల్లు కిందికి జారుతుంది, ఆ టకటకలు సద్దుమణుగుతాయి. దాన్ని అతను మోత దించడం అంటాడు. మోత దిగాక ఏసీ వేసి, బండిని మెత్తగా ముందుకు తెచ్చి పోర్టికోలో పెడతాడు. కృష్ణారావు పై గదిలో ఏసీ కింద తలుపులన్నీ బిగించుకుని పడుకునే మనిషి. కాఫీ తాగి కిందికి దిగేసరికి బండి చల్లగా, నిశ్శబ్దంగా, పెళ్లిపీటల మీది పిల్లలా తల దించుకుని ఉంటుంది. ఆరేళ్లుగా ఆయన తన బండి గొంతే వినలేదు.

ఇంతే గదా, చెబితే తెలుసుకుంటాడు, అనుకున్నాడు యలమంద. ఆరేళ్లు ఒక మనిషి పక్కన కూర్చుని కూడా అతను కృష్ణారావుని సరిగా ఎరగడనే చెప్పాలి.

నరసింహులు మామిడికాయల కమీషన్ కొట్టు విస్సన్నపేట రోడ్డు మీద ఉంది. సీజన్ మంచి ఊపులో ఉంది. రసాలు ఒకవైపు, బంగినపల్లి ఒకవైపు ట్రేలకు ట్రేలు పేర్చి ఉన్నాయి. హమాలీలు వరిగడ్డి పరిచి లారీలో సర్దుతున్నారు. కాయ తొడిమ నుంచి కారిన సొన వాసన, లారీ పొగ, ఎండ కలిసి కళ్లు మండుతున్నాయి. చెక్కబల్ల చుట్టూ నలుగురు కూర్చుని ఉన్నారు. కృష్ణారావు, కొట్టు యజమాని నరసింహులు, పన్నెండెకరాల తోట ఉన్న రిటైర్డు హెడ్మాస్టరు వెంకటాచలపతి, విస్సన్నపేటలో ప్యాకింగ్ షెడ్డు పెట్టిన కుర్ర వ్యాపారి రవికిరణ్.

యలమంద చెప్పులు బయట విడిచి వచ్చాడు. నమస్కారం పెట్టాడు. ఎవరూ చూడలేదు.

"వచ్చాడండీ మహానుభావుడు," అన్నాడు కృష్ణారావు. "అడగండి. నా బండి ఇంజన్ ఎట్లా తినేశాడో మీరే అడగండి."

"సార్, నేను చెప్పేది ఒక్కసారి..."

"నువ్వు చెప్పేదేంట్రా? నేను విన్నాను నా చెవుల్తో. ఖరీదైన ఆయిల్ డబ్బా కొనిస్తే అది ఎవడికో అమ్ముకుని, ఆ మెకానిక్ విక్టర్ గాడి షెడ్డులో మడ్డి ఆయిల్ పోయించాడు. ఇంజన్ లోపల ఎండిపోయి కొట్టుకుంటోంది. నేను చెయ్యి వేసిన రోజు బయటపడుతుందని తెలియక అత్త చచ్చిపోయిందని సెలవు పెట్టాడు."

"మా అత్తగారు నిజంగానే పోయారండీ."

రవికిరణ్ కిసుక్కున నవ్వి, తప్పు చేసినట్టు గడ్డం తడుముకున్నాడు. వెంకటాచలపతి కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. చదువుకున్నవాళ్లకు ఇలాంటప్పుడు కళ్లజోడు మహా ఉపయోగం.

"రాత్రంతా ఆగిన ఇంజన్ పొద్దున్నే అట్లాగే మోగుద్ది సార్. చల్లబడిపోయి ఉంటది గదండీ," అన్నాడు యలమంద.

"చల్లబడిందా?" కృష్ణారావు బల్ల మీద చెయ్యి కొట్టాడు. "అగ్గి కురుస్తోంది బయట. మే నెల, నూజివీడు. రాత్రిళ్లు కూడా గోడలు కాలిపోతున్నాయి. ఈ ఎండల్లో చలేసిందంట నా ఇంజన్‌కి. దుప్పటి కప్పమంటాడు కాబోలు."

బల్ల చుట్టూ నవ్వులు. హమాలీలు కూడా ట్రేలు దించి నిలబడ్డారు. ఆ నవ్వు చల్లారక ముందే కృష్ణారావు చెయ్యి చాపాడు. యలమంద తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టాడు.

"దొంగవెధవ. పో," అన్నాడు కృష్ణారావు.

గట్టిగా కూడా అనలేదు. ఈగను తోలినట్టు అన్నాడు. నరసింహులు లోపలికి తిరిగి నాలుగు టీలు చెప్పాడు. వాళ్ల లెక్కన ఆ విషయం అక్కడితో అయిపోయింది.

యలమంద లెక్కన అప్పుడే మొదలైంది. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు, చేతిలో విద్య ఉంది. కానీ డ్రైవరు బతికేది తాళంచెవి మీద. ఇంటి ముందు బండి, బండిలో ఆడవాళ్లు, డిక్కీలో కాయలమ్మిన సొమ్ము, అన్నీ నమ్మి తాళంచెవి చేతిలో పెడితేనే వాడు డ్రైవరు. నరసింహులు కొట్టులో దొంగ అనిపించుకున్న మాట సాయంత్రానికి విస్సన్నపేట చేరుతుంది, రేపటికి చాట్రాయి చేరుతుంది. ఆ మాట అన్నవాడే వెనక్కి తీసుకోవాలి. అదీ ఆ ముగ్గురూ వినేలా తీసుకోవాలి. ఇంకెవరు ఏం చెప్పినా అది పోయే మరక కాదు, మామిడి సొనలాంటిది.

బస్టాండు వెనక విక్టర్ షెడ్డు. యలమంద వెళ్లేసరికి విక్టర్ ఒక ఆటో కింద పడుకుని ఉన్నాడు. కాళ్లు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. యలమంద ఆ కాళ్లకే మొత్తం చెప్పాడు. విక్టర్ బయటికి జారి లేచి కూర్చున్నాడు. మొహం నిండా గ్రీజు, ఆ గ్రీజులోంచి కోపం.

"నా పేరు కూడా ఎత్తాడా?"

"ఎత్తాడు. మడ్డి పోశావంట."

"రమ్మను. బండి తీసుకుని నా దగ్గరికి రమ్మను."

పిలవాల్సిన పని లేకపోయింది. మర్నాడు ఉదయం పదింటికి కృష్ణారావే వచ్చాడు. యలమంద ఆ వేళకు షెడ్డులోనే ఉన్నాడు. చేసేందుకు పనేం లేదు, ఇంట్లో కూర్చుంటే తిరపతమ్మ మొహం చూడాల్సి వస్తోంది. తెల్లకారు షెడ్డు ముందు ఆగింది. కృష్ణారావు దిగి, ఇంజన్ ఆపకుండానే తలుపు ధడాలున వేశాడు.

"విను. నువ్వు పోసిన మడ్డి ఎట్లా మాట్లాడుతోందో విను."

ఇంజన్ మెత్తగా ఆడుతోంది. బానెట్ మీద చెయ్యి పెడితే తప్ప ఆడుతున్నట్టు తెలియదు. కృష్ణారావు చెవి ఒగ్గాడు, బానెట్ చుట్టూ తిరిగాడు. ఆపి మళ్లీ సెల్ఫ్ కొట్టాడు. ఇంకా మెత్తగా లేచింది. పొద్దున ఐదున్నరకు ఇంట్లో అరిచిన బండి, తోటకు వెళ్లి వచ్చి, ఇప్పుడు పదింటికి ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది. ఆయన మెడ మీద నరం ఉబ్బింది.

విక్టర్ బానెట్ ఎత్తి, ఆయిల్ చూసే పుల్ల బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీశాడు. పుల్ల చివర ఆయిల్ మార్కు దాకా నిండుగా ఉంది. దాన్ని రెండు వేళ్ల మధ్య రాసి చూపించాడు. "చూడండి సార్. ఇసకుందా, ఇనపరజనుందా? ఇది మీరు కొన్న ఆయిలే. ఖాళీ డబ్బా కూడా అదుగో, అందులోనే నేను బోల్టులు వేసుకుంటున్నాను."

"మరి పొద్దున ఎందుకరిచింది?"

విక్టర్ గుడ్డ భుజాన వేసుకున్నాడు. చదువు చెప్పే అలవాటు లేనివాడు కాబట్టి మెల్లగా, ఒక్కొక్క మాటా ఏరుకుని చెప్పాడు. "రాత్రి బండి ఆపగానే ఆయిలంతా కింద చాంబర్‌లోకి దిగిపోద్ది సార్. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే పైన హెడ్‌లో ఇనుముకి ఇనుమే తగులుద్ది. ఆయిల్ పైకి ఎక్కేదాకా ఆ టకటక ఉంటది. ఇంకోటి, వేడి మీదుంటే ఇనుము ఉబ్బి లోపల సందులు మూసుకుంటయ్. చల్లారితే సందులు. సందుంటే చప్పుడు. పైగా తొందరగా వేడెక్కాలని బండి తనంతట తనే రేస్ పెంచుకుంటది. అందుకే అంత మోత. వేడెక్కాక రేస్ దించుకుంటది. కొత్తదైనా పాతదైనా అంతే."

"వేడెక్కడానికి ఇది సిమ్లా అనుకున్నావా?"

"చలి మనకి సార్, ఇంజన్‌కి కాదు. నడిచే ఇంజన్ లోపల తొంభై డిగ్రీలుంటది. రాత్రంతా ఆగింది ముప్ఫైకి దిగుద్ది. మనకి ఉక్కపోత, దానికది చలే."

కృష్ణారావు ఇంజన్ మీదికి వంగి చూశాడు. అర్థమైనట్టే ఉంది మొహం. యలమందకు ఆశ పుట్టింది. కానీ అర్థం కావడం వేరు, ఒప్పుకోవడం వేరు. నలుగురి ముందు అన్న మాట గొంతులో అడ్డం పడి ఉంది ఆయనకు.

"ఇద్దరూ కలిసి బాగానే కట్టారు కథ," అన్నాడు.

"కథెందుకు సార్. ఈ రాత్రికి బండి ఇక్కడ వదలండి. తెల్లారి ఐదింటికి రండి. మీ చేత్తో మీరే సెల్ఫ్ కొట్టండి. దాని పక్కన ఇంకో నాలుగు బండ్లు పెడతాను, అవి కూడా కొట్టండి."

"వదుల్తాను. రాత్రికి రాత్రి మంచి ఆయిల్ పోసి కడిగేస్తారు. నేనేమన్నా నిన్న పుట్టానా?"

విక్టర్ బానెట్ దించాడు. దించడం కాదు, వదిలేశాడు. ఆ చప్పుడుకు రోడ్డు మీద పోయేవాళ్లు తిరిగి చూశారు. "అయితే మీ బండి మీరు తీసుకెళ్లండి సార్. మళ్లీ నా షెడ్డుకి తేవద్దు," అన్నాడు.

కృష్ణారావు ఎక్కి కూర్చుని, అద్దం దించి, విక్టర్‌ని వదిలేసి యలమంద వైపు చూశాడు. "నువ్వు ఈ ఊళ్లో ఎవడి స్టీరింగ్ పట్టుకుంటావో నేనూ చూస్తా."

చూడ్డానికి ఆయనకు ఎంతోసేపు పట్టలేదు. పోయిన నెలలోనే రవికిరణ్, తన ప్యాకింగ్ షెడ్డు వ్యానుకు మంచి డ్రైవరు కావాలని యలమందనే అడిగాడు. ఆ మధ్యాహ్నం యలమంద ఫోను చేస్తే, "చూద్దాంలే అన్నా, సీజన్ అయ్యాక చెప్తాను," అన్నాడు. మామిడి సీజన్ అయ్యాక ప్యాకింగ్ షెడ్డుకి డ్రైవరెందుకో అతనే చెప్పాలి.

సాయంత్రం కొళాయి దగ్గర బిందె పెట్టిన తిరపతమ్మ, బిందె నిండకుండానే ఇంటికొచ్చింది. "ఏంటి?" అన్నాడు యలమంద. ఆమె బియ్యం చేటలో పోసుకుని రాళ్లు ఏరుతూ కూర్చుంది. తల ఎత్తకుండానే, "నువ్వు తియ్యలేదు గదా," అంది.

ఆరేళ్లలో ఎవరేమన్నా అతనికి ఇంత నొప్పి కలగలేదు. కృష్ణారావు అన్నప్పుడు కోపమొచ్చింది, ఇప్పుడు ఏడుపొచ్చింది. "లేదు," అన్నాడు. ఆమె తల ఊపింది. ఆ రాత్రి అన్నం సగం మిగిలిపోయింది.

మూడో రోజు తెల్లవారి అతను కృష్ణారావు ఇంటికి వెళ్లాల్సి వచ్చింది. లైసెన్సు కారులోనే, డ్యాష్‌బోర్డు అరలో ఉండిపోయింది. అది లేకుండా పక్క ఊళ్లో కూడా ఎవరూ పని ఇవ్వరు. ఆయన తోటకు పోకముందే తీసుకోవాలని ఐదుంబావుకే గేటు దగ్గర నిలబడ్డాడు. సుబ్బరత్నమ్మ వాకిట్లో కళ్లాపి చల్లుతోంది. కృష్ణారావు భార్య ఆవిడ. మాట తక్కువ. ఆ ఇంట్లో మాట్లాడే పనంతా ఆయనే చేస్తాడు కనక ఆవిడకు పెద్దగా అవసరం పడలేదు.

"లైసెన్సు కోసమండీ," అన్నాడు యలమంద.

ఆవిడ లోపలికి చూసింది. కృష్ణారావు అప్పుడే దిగుతున్నాడు. లుంగీ పైకి కట్టి, చేతిలో తాళంచెవి. రెండు రోజులుగా బండిని పోర్టికోలోనే పెట్టుకుంటున్నాడు, వెనక షెడ్డుదాకా నడవడం ఆయన వల్ల కాదు.

"వచ్చావా. మంచి వేళకొచ్చావు. రా, విందువుగాని," అని తలుపు తీసి కూర్చుని సెల్ఫ్ కొట్టాడు.

మోత లేచింది. పోర్టికో గోడలు, పై కప్పు కలిసి దాన్ని రెండింతలు చేశాయి. టకటకటక మని లోపల కొట్టుకుంటోంది, వెనక గొట్టంలోంచి బూడిద రంగు పొగ వస్తోంది, గోడ మీది పిచ్చుకలు లేచిపోయాయి.

"ఇదీ," అని అరిచాడు కృష్ణారావు ఆ మోత మీదుగా. "ఆరేళ్లలో ఎన్నడైనా ఉందా ఇది? చెప్పు."

"రోజూ ఉంది సార్."

"రోజూ ఉంటే నేను వినలేదా? చెవుడా నాకు?"

"నేను విన్నాను," అంది సుబ్బరత్నమ్మ.

ఆవిడ కళ్లాపి బకెట్టు పట్టుకునే ఉంది. గొంతు పెంచలేదు. మోతలో వినపడిందో లేదోనని కృష్ణారావు తల బయటికి పెట్టాడు. "ఏంటి?"

"నేను రోజూ వింటాను. ఐదింటికి వెనక షెడ్డులో ఇది మొదలవుద్ది. ఆ మోత వినపడగానే పాలు పొయ్యి మీద పెడతాను. మోత దిగేసరికి డికాషన్ దిగుద్ది. ఆరేళ్ల నుంచీ ఇంతే. యలమంద లేని రోజే పాలు ఆలస్యమయ్యాయి. మీరు కాఫీ ఏదని కేకలేశారు కూడా."

కృష్ణారావు ఆవిడను చూశాడు. ముల్లు దిగడం మొదలైంది. మోత మెల్లమెల్లగా కుంగి, టకటక ఒక్కొక్కటే వెనకబడి, చివరికి ఇంజన్ విక్టర్ షెడ్డు ముందు ఆడినట్టే మెత్తగా ఆడసాగింది. ఎవరూ బండిని ముట్టుకోలేదు, ఎవరూ ఏ ఆయిలూ పొయ్యలేదు. కళ్లెదుటే దిగింది.

"ముందే చెప్పొచ్చు గదా," అన్నాడాయన.

"మీరు అడగలేదు. ఇంజన్ తినేశాడని ఊళ్లో చెప్పొచ్చారు, అది ఈ చప్పుడు గురించేనని నాకేం తెలుసు?" అని ఆవిడ మిగిలిన కళ్లాపి గేటు దగ్గర గుమ్మరించి లోపలికి వెళ్లిపోయింది.

కృష్ణారావు ఇంజన్ ఆపాడు. దిగాడు. లుంగీ కిందికి దించి మళ్లీ పైకి కట్టాడు. యలమంద డ్యాష్‌బోర్డు అర తెరిచి లైసెన్సు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"సర్లే. రేపట్నుంచి రా," అన్నాడు కృష్ణారావు, తాళంచెవి చాపుతూ.

యలమంద అందుకోలేదు. "నరసింహులుగారి కొట్టులో ఒక మాటన్నారండీ."

"ఏ మాట?"

"మీకు గుర్తుంది సార్."

"కోపంలో సవాలక్ష అంటాం. దాన్ని పట్టుకుని వేలాడతావా? ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు, డప్పేసుకుని ఊరంతా తిరగమంటావా? మామిడిపళ్ల వ్యాపారం చేసుకునే నలుగురిలో నేను తల దించుకోవాలా నీ కోసం?" గొంతు మళ్లీ లేచింది. ఆయనకు క్షమాపణ చెప్పడంకన్నా తిట్టడం సులువు. ఆ విద్యే బాగా వచ్చు.

యలమంద పోర్టికో కప్పు వైపు చూశాడు. గోడల వైపు చూశాడు. సీజన్‌లో తోట చూడ్డానికి వచ్చే షావుకార్లంతా తెల్లారకముందే ఇక్కడికే వస్తారు. ఎండెక్కక ముందే కాయ చూసి బేరం తేల్చుకోవాలి గనక, ఇక్కడే ఈ మెట్ల మీద నిలబడి కాఫీ తాగి, ఈ బండిలోనే తోటకు బయల్దేరతారు. అది ఆ ఇంటి ఆనవాయితీ.

"ఏం తిరగొద్దండీ. ఒక్కటే. ఇకమీదట బండి పోర్టికోలోనే పెడతాను. వెనక షెడ్డులో పెట్టను. పొద్దున్నే ఇక్కడే సెల్ఫ్ కొడతాను," అన్నాడు.

ఇంత చవగ్గా తేలుతుందని కృష్ణారావు అనుకోలేదు. "నీ ఇష్టం. ఎక్కడ పెడితే నాకేంటి?" అని తాళంచెవి అతని చేతిలో వేశాడు.

నాలుగో రోజు వెంకటాచలపతి వచ్చాడు. రసాల తోట చూడాలని, తోడుగా ఇద్దరు బేరగాళ్లు. మెట్ల మీద కాఫీ గ్లాసులతో నిలబడి ఉండగా యలమంద సెల్ఫ్ కొట్టాడు. మోతకు హెడ్మాస్టరు చేతిలో కాఫీ తొణికింది.

"ఏమిటండీ కృష్ణారావుగారూ, ఇంజన్‌కి ఏమన్నా అయిందా?"

కృష్ణారావు యలమంద వైపు చూశాడు. యలమంద అద్దం తుడుస్తున్నాడు, అందులో మచ్చేదో ఉన్నట్టు గోటితో గీకుతున్నాడు.

"ఏం లేదు మాస్టారూ. పొద్దున్నే అంతే... ఏ బండైనా అంతే," అన్నాడు కృష్ణారావు.

"పోదామా మరి?"

"మోత దిగేదాకా కదపకూడదండీ," అన్నాడు యలమంద వినయంగా. నిమిషన్నర సేపు అందరూ నిలబడి ఆ మోత విన్నారు. హెడ్మాస్టరు ఒకసారి కళ్లజోడు తీశాడు, తుడవకుండానే మళ్లీ పెట్టుకున్నాడు.

ఆరో రోజు రవికిరణ్. అప్పటికి కృష్ణారావుకు పాఠం బాగా వచ్చేసింది. కుర్రాడు నోరు తెరవకముందే మొదలుపెట్టాడు. "చలి మనకయ్యా, ఇంజన్‌కి కాదు. రాత్రి ఆయిలంతా చాంబర్‌లోకి దిగిపోద్ది. పైకి ఎక్కేదాకా ఈ టకటక. లోపల సందులుంటయ్." విక్టర్ మాటలే, గ్రీజు మాత్రం లేదు. రవికిరణ్ వింటూ వింటూ యలమంద వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. తోట నుంచి తిరిగి వచ్చేటప్పుడు, "అన్నా, ఆ వ్యాను సంగతి ఇంకా ఉంది," అన్నాడు మెల్లగా. యలమంద గేరు మార్చాడు.

మిగిలింది నరసింహులు. ఆయన సీజన్‌లో కొట్టు వదిలి కదిలే మనిషి కాదు. యలమంద రోజూ సాయంత్రం బండిని పోర్టికోలోనే పెట్టాడు, రోజూ తెల్లారి అక్కడే సెల్ఫ్ కొట్టాడు, రోజూ కృష్ణారావు ఆ మోత పక్కన నిలబడి పళ్లు బిగించుకున్నాడు. ఒకనాడు, "వెనక్కే పెట్టరాదుట్రా," అన్నాడు కూడా. "మాటనుకున్నాం గదండీ," అన్నాడు యలమంద.

తొమ్మిదో రోజు, ఆదివారం, నరసింహులు వచ్చాడు. చివరి కోత బంగినపల్లి మొత్తం ఒకే లాటుగా తీసుకోవాలని. వెంట తన గుమస్తా, ఇద్దరు హమాలీలు. ఆ ఇద్దరు హమాలీలూ ఆ రోజు ట్రేలు దించి నవ్వినవాళ్లే.

సెల్ఫ్ కొట్టగానే నరసింహులు చెవుల మీద చేతులు పెట్టుకున్నాడు. కృష్ణారావు పాఠం అప్పజెప్పాడు. నరసింహులు ఓపిగ్గా అంతా విన్నాడు. లావాదేవీల మనిషి, ఏ మాటకు ఏ మాట అతుకుతుందో వెంటనే పట్టుకుంటాడు.

"అంటే, ఈ మోత మొదట్నుంచీ ఉన్నదే?"

"ఉన్నదే."

"ఆయిల్ మంచిదే?"

"మంచిదే."

"మరి మొన్న మా కొట్టులో మీరు..." అని ఆగి, తలుపు పట్టుకుని నిలబడి ఉన్న యలమందను గడ్డంతో చూపించాడు. "అమ్ముకున్నాడన్నారు?"

మోత ఇంకా దిగలేదు. కృష్ణారావు దాని మీదుగా అరిచి చెప్పాల్సి వచ్చింది. ఎదురింటి మేడ మీద ఎవరో బట్టలు ఆరేస్తున్నారు, హమాలీలు గేటు దగ్గర బీడీలు కూడా వెలిగించకుండా చూస్తున్నారు.

"లేదండీ. వాడేం తియ్యలేదు. నేనే ఎన్నడూ వినలేదు," అని అరిచాడు.

ఆ మాట పూర్తవుతుండగా ముల్లు జారింది. మోత దిగింది. చివరి ముక్క మాత్రం ఆ నిశ్శబ్దంలో అవసరానికి మించి గట్టిగా వినపడింది. కృష్ణారావు మొహం ఎర్రబడింది. యలమంద తలుపు ఇంకొంచెం తెరిచి పట్టుకున్నాడు. "ఎక్కండి సార్," అన్నాడు. క్షమించాడా అంటే లేదు, ఆ సంగతి అతని మొహంలోనే ఉంది.

సాయంత్రం సుబ్బరత్నమ్మ పెరట్లో ఊరగాయ ముక్కలు ఆరబెట్టిన చాప ఎత్తుతోంది. బండి పోర్టికో దాటి, మేడ పక్క సందులోంచి వెనక్కి వచ్చి, రేకుల షెడ్డులోకి మెల్లగా దూరింది. యలమంద దిగి తలుపు వేశాడు.

"ఏం, ఇవాళ ఇక్కడ పెడుతున్నావు?" అంది ఆవిడ.

"అక్కడ పనైపోయిందమ్మగారూ."

ఆవిడ చాప చుట్టి చంకలో పెట్టుకుంది. "అయితే రేపు పాలు ఐదింటికే పెడతాను," అని లోపలికి వెళ్లింది.